ముసవ్విర్ జంగ్ ముక్కాలి స్టాండు

కెమెరా కొన్న కొత్తలో మన నిజామాబాద్ పిల్లలంతా అడిగేది ఒకటే: సంచిలో పట్టేది, బరువు తక్కువది, ట్రైపాడ్ ఏది కొనాలి? డిచ్‌పల్లిలో తెలంగాణ యూనివర్సిటీ హాస్టల్ పిల్లలు అడుగుతారు. ఆదివారం ఖిల్లా రామాలయం గుట్ట ఎక్కేవాళ్లు, వానాకాలంలో కుంటాల జలపాతానికి పోయేవాళ్లు, సెలవులు దొరికితే హిమాచల్ కొండల్లో నడవాలని డబ్బులు కూడబెట్టుకునేవాళ్లు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. రెండు రోజులు నడిచే మనిషికి భుజం మీద అరకిలో తేడా చిన్నది కాదు.

జవాబు ఉంది, చెప్తాను. కానీ దానికంటే ముందు ఆ పిల్లలకు ఒక మనిషి సంగతి తెలియాలని నా కోరిక. ఫొటో తీయడమంటే మనుషులనూ బండ్లనూ వెంట తీసుకుని బయల్దేరాల్సిన కాలంలో, మన ఇందూరు (నిజామాబాద్ పాత పేరు) కూడా భాగమైన నిజాం రాజ్యంలోనే ఆయన బతికాడు. పేరు లాలా దీన్‌దయాళ్. నిజాం ఇచ్చిన బిరుదు రాజా బహదూర్ ముసవ్విర్ జంగ్. ఆయన కెమెరా ముందు నిలబడని వైస్రాయి లేడనిపించే రోజులు చూశాడు. ఆ వైభవమంతా ఆయన కళ్లెదుటే ఒరగడం మొదలైంది. ఆయన పోయాక కొద్ది ఏళ్లలోనే చాలా భాగం నేలమట్టమైంది. ట్రైపాడ్ కొనబోయేవాడికి ఈ కథ ఎందుకంటారా? ఆ స్టాండు ఎందుకు పుట్టిందో, దాని బరువు తగ్గుతూ వచ్చిన కొద్దీ మనం ఏమేం దించేసుకున్నామో ఈ కథలోనే ఉంది.

ముందు డిచ్‌పల్లి గుట్ట మీదికి రండి. కాకతీయుల కాలపు గుడి అది. జనం ఇందూరు ఖజురహో అంటారు. మెట్లన్నీ ఎక్కి ఎండలోంచి మంటపంలోకి అడుగు పెడితే కాసేపు కళ్లకు ఏమీ ఆనదు. తర్వాత మెల్లగా స్తంభాలు తేలతాయి, వాటి మీది బొమ్మలు తేలతాయి, ద్వారబంధం చుట్టూ చెక్కిన సన్నని తీగలు తేలతాయి. నల్లరాయి వెలుతురును తాగేస్తుంది. కెమెరాలో ఐఎస్ఓ 100 పెట్టి, ముందు స్తంభమూ వెనక గోడా రెండూ స్పష్టంగా రావాలని ఎపర్చర్‌ను ఎఫ్8 దాకా మూస్తే, షట్టర్‌ను కొన్ని సెకన్లు తెరిచి ఉంచాల్సి వస్తుంది. ఎంత నిబ్బరమైన చెయ్యయినా అన్ని సెకన్లు కదలకుండా ఉండదు. ఫోన్‌లో నైట్ మోడ్ ఉంది కదా అంటారు. ఉంది, బొమ్మ కూడా వస్తుంది. కానీ ఉలి దెబ్బ పడ్డ చోట రాతికి ఉండే గరుకును అది నున్నగా తోమేస్తుంది. ఏడు వందల ఏళ్ల కిందటి శిల్పి చేతి గుర్తు అందులోనే ఉంది. అది దక్కాలంటే మూడు కాళ్ల స్టాండు కావాలి.

ఈ అవసరమే దీన్‌దయాళ్‌కూ ఉండేది. తేడా ఏమిటంటే, ఆయనకు చీకటి గుళ్లలోనే కాదు, ప్రతిచోటా స్టాండు కావాలి.

ఆయన 1844లో మీరట్ దగ్గరి సర్ధనాలో జైన కుటుంబంలో పుట్టాడు. రూర్కీలోని థామసన్ కాలేజీలో ఇంజనీరింగ్ చదివి, 1866లో ఇండోర్ ప్రజా పనుల శాఖలో చేరాడు. అంచనాలు వేయడం, నక్షాలు గీయడం ఆయన ఉద్యోగం. కొలతలతో పనిచేసిన చెయ్యి కాబట్టే తర్వాతి రోజుల్లో ఆయన తీసిన కట్టడాల ఫొటోల్లో నిలువు గీత నిలువుగానే ఉంటుంది, గోపురం వెనక్కి వాలదు. 1870లలో కెమెరా పట్టాడు. ఇండోర్ మహారాజు రెండో తుకోజీరావు హోల్కర్ ఆదరించాడు. మధ్య భారతంలో గవర్నర్ జనరల్ ఏజెంటుగా ఉన్న సర్ హెన్రీ డేలీ చెయ్యి అందించాడు. 1875-76లో ఇంగ్లండు యువరాజు మన దేశం చూడడానికి వచ్చినప్పుడు ఫొటోలు తీసిన వాళ్లలో దీన్‌దయాళ్ ఉన్నాడు. ఆ తర్వాత, డేలీ పదవిలోకి వచ్చిన సర్ లెపెల్ గ్రిఫిన్ వెంట బుందేల్‌ఖండ్ అంతా తిరిగి, గ్వాలియర్, ఖజురహో, సాంచి వంటి చోట్ల కోటలనూ గుళ్లనూ ఎనభైకి పైగా పలకల మీదికి ఎక్కించాడు.

పలక అన్నది ఊరికే అనలేదు. అప్పటి నెగటివ్ నిజంగానే గాజు పలక. ఎనిమిది అంగుళాలకు పది అంగుళాల గాజు. ఇప్పటి ల్యాప్‌టాప్ తెరకు కాస్త తక్కువ. నెగటివ్‌ను పెద్దది చేసి అచ్చు తీయడం అప్పట్లో మామూలు కాదు కాబట్టి, ఎంత ఫొటో కావాలంటే అంత గాజు మోయాలి, అంత గాజు పట్టే కెమెరా కావాలి. ఆ కెమెరా నిలబడాలంటే అంత గట్టి కర్ర స్టాండు కావాలి. కెమెరాకు ముందు లెన్సు, వెనక గాజు, మధ్యలో తోలు తిత్తి. స్టాండుకు ఇత్తడి మరలు. పైన నల్లగుడ్డ. మనిషి ఆ గుడ్డలో తల దూర్చి, గరుకు గాజు మీద తలకిందులుగా పడే బొమ్మను చూసి సరిచేసుకునేవాడు.

1851లో ఫ్రెడరిక్ స్కాట్ ఆర్చర్ కనిపెట్టిన తడి కొలోడియన్ పద్ధతిలో ఇంకో కష్టముంది. గాజుకు మందు పూసి, అది తడిగా ఉండగానే ఫొటో తీసి, పది పదిహేను నిమిషాల్లోపే కడిగేయాలి. అంటే కెమెరా ఎక్కడికి పోతే చీకటి గుడారం, మందుల పెట్టె, నీళ్ల కడవలు అక్కడికి పోవాలి. 1860లలో హిమాలయాల్లో తిరిగిన శామ్యూల్ బోర్న్ అనే ఇంగ్లీషు ఫొటోగ్రాఫరు పదుల కొద్దీ కూలీలను వెంట నడిపించాడు. ఆ కూలీల పేర్లు ఏ ఫొటో కిందా లేవు. 1870ల చివర జెలటిన్ పూసిన పొడి పలకలు అంగట్లోకి వచ్చాక గుడారం బెడద తప్పింది. దీన్‌దయాళ్ కెమెరా పట్టిన కాలం సరిగ్గా ఈ మార్పు జరుగుతున్న కాలం. పొడి పలకలు ఆయనకు కాళ్లు ఇచ్చాయి. బరువు మాత్రం గాజు రూపంలో మిగిలింది.

1885లో ఆయన హైదరాబాద్ చేరాడు. అదే ఏడు వైస్రాయి లార్డ్ డఫరిన్‌కు ఫొటోగ్రాఫరు అయ్యాడు, ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్‌కు ఆస్థాన ఫొటోగ్రాఫరూ అయ్యాడు. నిజాం అప్పటికి ఇరవై నిండని వాడు. అధికారం చేతికొచ్చి ఏడాదే అయింది. దీన్‌దయాళ్‌కు నలభై దాటాయి. ఇంజనీరు ఉద్యోగం వదిలేసి, సికింద్రాబాద్‌లో 1886లో స్టూడియో పెట్టి, కొడుకులు జ్ఞాన్‌చంద్, ధరమ్‌చంద్‌లను పనిలోకి దింపి, రాజా దీన్‌దయాళ్ అండ్ సన్స్ అనే సంస్థను నిలబెట్టాడు. ఒక పక్క నవాబుల నగరం, ఇంకో పక్క తెల్లదొరల దండు. రెండింటికీ ఫొటోలు కావాలి.

తర్వాతి ఇరవై ఏళ్లలో నిజాం రాజ్యంలో చెప్పుకోదగ్గదేది జరిగినా ఆ స్టాండు అక్కడ ఉంది. ఫలక్‌నుమా, బషీర్‌బాగ్ మహళ్ల లోపలి గదులను ఆయన తీసిన తీరు చూడండి. పగలు కూడా పలచనైన వెలుతురు ఉండే ఆ గదుల్లో షాండిలియర్ పూసలు ఒక్కొక్కటీ లెక్కపెట్టవచ్చు, తివాచీ నేత కనిపిస్తుంది. పలక వెలుతురు తాగుతున్నంత సేపూ స్టాండు వెంట్రుకవాసి కదలకపోతేనే అది సాధ్యం. 1892లో హైదరాబాద్‌లో ఆడవాళ్ల కోసమే జెనానా స్టూడియో తెరిచాడు. పరదా పాటించే బేగంలు నిశ్చింతగా వచ్చి కూర్చునేందుకు దాని నిర్వహణను ఒక ఇంగ్లీషు మహిళ, శ్రీమతి కెన్నీ లెవిక్‌కు అప్పగించాడు. 1893లో షికాగో ప్రపంచ ప్రదర్శనలో ఆయన ఫొటోలు ఉన్నాయి. విక్టోరియా రాణి నుంచి రాయల్ వారెంట్ వచ్చింది. 1896లో బొంబాయిలో పెద్ద స్టూడియో వెలిసింది.

ఒక్క ఫొటో గురించి మాత్రం ఆగి చెప్పాలి. 1902లో వైస్రాయి లార్డ్ కర్జన్ నిజాం అతిథిగా వేటకు వచ్చాడు. వరంగల్ దగ్గరి నెక్కొండ అడవిలో పులిని కొట్టారు. కర్జన్, ఆయన భార్య, కాళ్ల దగ్గర చచ్చిన పులి. దొరసాని ముఖంలో అలసట, దొర ముఖంలో దర్పం. లోకమంతా తిరిగిన ఫొటో అది. నాకు ఆ ఫొటోలో నచ్చేది దొరలు కాదు. అడవిలో, ఎత్తుపల్లాల నేల మీద, ఆ పెద్ద కెమెరాను అంత నిలకడగా ఎవరు నిలబెట్టారో వాళ్లు. స్టాండు కాలి కింద రాయి పెట్టిన చెయ్యి ఒకటి ఉంటుంది కదా, ఆ చెయ్యి.

ఇంకోవైపు, 1899-1900 కరువులో ఔరంగాబాద్ ప్రాంతంలో ప్రభుత్వం నడిపిన కరువు పనులను కూడా ఆ సంస్థే ఫొటోలు తీసింది. రాళ్లు కొట్టే జనం, గంజి కోసం వరుసలు. ప్రభుత్వం తన దయను చూపించుకోవడానికి తీయించుకున్న ఫొటోలవి, ఆ మాట దాచనక్కర్లేదు. అయినా ఆ బక్కచిక్కిన మనుషులు ఇవాళ మనకు కనిపిస్తున్నారంటే ఆ పలకల వల్లే. దర్బారు వజ్రాలనూ కరువు డొక్కలనూ అదే స్టాండు మోసింది.

ఇంత ఎత్తున ఉన్నప్పుడే కింద నేల కదిలింది.

అమెరికాలో జార్జ్ ఈస్ట్‌మన్ 1888లో కొడాక్ అనే చేతి కెమెరా తెచ్చాడు. గాజు లేదు, చుట్ట ఫిలిం. స్టాండు అక్కర్లేదు, ఎండలో నిలబడి మీట నొక్కడమే. 1900లో బ్రౌనీ అనే అట్టపెట్టె కెమెరా ఒక్క డాలరుకు వచ్చింది. అంతకుముందు సికింద్రాబాద్ దండులో దొర ఫొటో కావాలంటే స్టూడియోకు కబురు పెట్టేవాడు. ఇప్పుడు దొరసాని తానే తీసుకుంటుంది. పోలో ఆట, విందు, పిల్లవాడి పుట్టినరోజు, అన్నీ మెల్లగా స్టూడియో చేతిలోంచి జారిపోయాయి. ప్రపంచమంతటా పెద్ద స్టూడియోలకు పట్టిన గతే ఇది.

దర్బారు పని వేరు. అక్కడ చేతి కెమెరాలు ఇంకా చొరబడలేదు. కానీ దర్బారు పనిలో ఖర్చు ముందు, రాబడి తర్వాత. తోలు అట్టలు, బంగారు అక్షరాలు, వందల అచ్చులు వేసి ఆల్బమ్ చేసి ఇవ్వాలి. ప్రభువు దయ ఉన్నంత కాలం నడుస్తుంది. మూడు ఊళ్లలో అద్దెలు, జీతాలు, ఇంగ్లండు నుంచి వచ్చే పలకలు, మందులు నెల నెలా కట్టాల్సినవి. బొంబాయిలో స్టూడియో పెట్టడం దీన్‌దయాళ్ చేసిన పెద్ద సాహసం. అక్కడ నిజాం నీడ లేదు. పోటీ ఎక్కువ. నా మటుకు నాకు ఆ సంస్థ పతనం బొంబాయిలోనే మొదలైందనిపిస్తుంది. సికింద్రాబాద్‌లో ఆయనది ఒక ఇల్లు. బొంబాయిలో అది ఒక దుకాణం మాత్రమే.

1904లో కొడుకు ధరమ్‌చంద్ చనిపోయాడు. తండ్రి ఆ దెబ్బ నుంచి కోలుకోలేదు. 1905 జులైలో దీన్‌దయాళ్ కన్ను మూశాడు. అరవై ఒకటో ఏడు.

జ్ఞాన్‌చంద్ ఒక్కడే మిగిలాడు. బొంబాయి స్టూడియో ఎక్కువ కాలం నిలవలేదు. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి హైదరాబాద్‌లో వేల ప్రాణాలు తీసుకుపోయింది. ఆ విధ్వంసాన్ని దీన్‌దయాళ్ అండ్ సన్స్ ఫొటోలు తీసింది. కూలిన వంతెనలు, గోడలు లేని ఇళ్లు, బురదలో నగరం. ఇరవై ఏళ్లపాటు ఆ నగరపు మహళ్లనూ ఊరేగింపులనూ నిలబెట్టి చూపించిన స్టాండు, ఇప్పుడు ఆ నగరపు శిథిలాల మధ్య నిలబడింది. 1911 ఆగస్టులో మహబూబ్ అలీ ఖాన్ పోయాడు. నలభై అయిదేళ్ల వయసు. బిరుదిచ్చిన వాడు లేడు, బిరుదు పొందిన వాడు లేడు. తర్వాతి తరాలు సికింద్రాబాద్‌లో పనిని చిన్న ఎత్తున లాక్కొచ్చాయి. ఆస్థానం పోయింది, సంస్థ పేరు మిగిలింది. ఆ తర్వాత పేరు కూడా జనం నోట్లోంచి పోయింది. ఇవాళ సికింద్రాబాద్ వీధుల్లో ముసవ్విర్ జంగ్ ఎవరని అడిగి చూడండి.

కానీ ఒక్కటి పోలేదు. గాజు.

దీన్‌దయాళ్ సంస్థలో ప్రతి పలకకూ ఒక అంకె ఉండేది. ఎవరికైనా మళ్లీ అచ్చు కావాలంటే ఆ అంకె చెబితే చాలు. వ్యాపారం కోసం పెట్టుకున్న పద్ధతే అయినా, అదే చివరికి ఆయనను కాపాడింది. కుటుంబం దగ్గర దశాబ్దాలపాటు ఉండిపోయిన పలకల్లో 2,857 గాజు నెగటివ్‌లను 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రం తీసుకుంది. ఇల్లు కూలినా, బిరుదులు మాసినా, కొడుకులూ మనవలూ చితికినా, ఎత్తితే చేతులు లాగే ఆ గాజు మాత్రం నూరేళ్లు తట్టుకుంది. 2006లో తపాలా శాఖ ఆయన పేరుతో బిళ్ల విడుదల చేసింది. నరేంద్ర లూథర్ రాసిన జీవితచరిత్ర 2003లో వచ్చింది. ఆలస్యమే. అయినా వచ్చింది.

ఇప్పుడు ఆ తర్వాతి పతనం సంగతి. ఇది మనది, మన ఊళ్లది.

స్టూడియో అనే మాట దీన్‌దయాళ్‌తో పోలేదు. నిజామాబాద్, బోధన్, ఆర్మూర్, కామారెడ్డి, ప్రతి ఊళ్లో ఒక ఫొటో స్టూడియో ఉండేది. వెనక గోడ మీద నెమలి, కొలను, మెట్లు గీసిన పరదా. పక్కన బల్ల మీద ప్లాస్టిక్ పూల కుండీ. మధ్యలో బరువైన స్టాండు, కాళ్లకు చక్రాలు, నడిమి కర్రకు పళ్ల చక్రం, తిప్పితే కెమెరా పైకీ కిందికీ పోతుంది. పెళ్లయిన వారం లోపల కొత్త జంట, పుట్టెంట్రుకలు తీయించిన పిల్లాడు, దుబాయి పోయే ముందు పాస్‌పోర్టు ఫొటోకు వచ్చిన మనిషి, అందరూ ఆ స్టాండు ఎదుట ఊపిరి బిగబట్టిన వాళ్లే. ఊటీలో హిందుస్థాన్ ఫొటో ఫిలిమ్స్ తయారు చేసిన ఇందు ఫిలిం, కొడాక్ ఫిలిం ఎక్కించేవాళ్లు. డిజిటల్ వచ్చింది. ఊటీ ఫ్యాక్టరీ మూతపడింది. 2012 జనవరిలో సాక్షాత్తూ కొడాకే దివాలా పిటిషన్ వేసింది. ఒకప్పుడు దీన్‌దయాళ్ వంటి వాళ్ల స్టాండును కింద పడేసిన కొడాక్ స్టాండు కూడా విరిగింది. చాలా స్టూడియోల్లో పాత నెగటివ్‌ల డబ్బాలు చెదలు పట్టాయి, చెత్తలో పడ్డాయి, లేదా అందులోని వెండి కోసం తూకానికి పోయాయి. గాజు కంటే ఎంతో తేలికైనవి అవి. ఆ తేలికతోనే ఎగిరిపోయాయి.

బోధన్‌కు పోండి, ఈ నష్టం ఎంతో కంటికి కనిపిస్తుంది. నిజాంసాగర్ నీళ్లు పారాక, 1937లో ఏడో నిజాం కాలంలో పుట్టిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ ఆసియాలోనే పెద్దదని పేరు పొందింది. దాని చుట్టూ శక్కర్‌నగర్ అనే ఊరే వెలిసింది. 2015 డిసెంబరులో అది మూతపడింది. క్రషింగ్ రోజుల్లో మైళ్ల దూరం నిలిచిన చెరకు బండ్లు, రాత్రి షిఫ్టు సైరన్, గాలిలో పాకం వాసన ఇప్పుడు ముసలివాళ్ల మాటల్లోనే ఉన్నాయి. ఆ కార్మికుల ఫొటోలు తీసిన స్టూడియోలు ఉండేవి. రిటైరైన రోజు పూలదండతో, యూనియన్ సభలో, కొత్త సైకిలు కొన్నప్పుడు. ఆ నెగటివ్‌లకు అంకెలు వేసి, వరసగా పేర్చి ఉంటే, ఒక చెరకు నాగరికత మొత్తం ఇవాళ మన చేతిలో ఉండేది. ఉన్నది ఇప్పుడు ఇనుము. సాయంత్రం వేళ రోడ్డు మీద స్టాండు పెట్టి ఆ చిమ్నీలను తీసే కుర్రాళ్లను చూస్తే నాకు సంతోషం, బాధ రెండూ ఒకేసారి కలుగుతాయి.

ఆ కుర్రాళ్లు అడిగిన దానికి ఇప్పుడు జవాబు.

బరువు తగ్గించడం మనుషులకు ఊరికే దక్కలేదు. పారిస్‌లో అర్సెన్ గిట్జోవెన్ 1917లో మొదలుపెట్టిన జిట్జో కంపెనీ 1994లో కార్బన్ ఫైబర్ కాళ్ల ట్రైపాడ్ తెచ్చింది. అప్పటినుంచి కాళ్లు సన్నబడుతూ వచ్చాయి. ఇప్పుడు నడక కోసం చేసే ట్రైపాడ్ కిలో నుంచి కిలోన్నర ఉంటుంది, మడిస్తే మూరెడు. దీన్‌దయాళ్ ఇది చూస్తే నమ్మడు. మనం మాత్రం దాన్ని తేలిక అనే ఒక్క మాట చూసి కొంటాం, అక్కడే దెబ్బతింటాం. కిలో కంటే బాగా తక్కువ ఉండి మనిషెత్తు లేస్తుందని చెప్పే చవక స్టాండును దుకాణంలోనే పూర్తిగా లాగి నిలబెట్టి, పైన అరచేయి పెట్టి మెల్లగా మెలితిప్పి చూడండి. గడ్డిపోచలా తిరిగితే అది కెమెరాకు పనికిరాదు, ఫోన్‌కు పనికొస్తుంది.

కాళ్లు నాలుగు ముక్కలవా అయిదు ముక్కలవా అన్నది చూడాలి. ముక్కలు పెరిగితే మడత చిన్నదవుతుంది, కానీ అట్టడుగు గొట్టం వేలంత సన్నబడుతుంది. ఊగేది అక్కడే. అందుకే మొదట పైనున్న లావు ముక్కలను లాగాలి, సన్నవాటిని చివరికి, అవసరమైతేనే. నడిమి కర్ర, అదే సెంటర్ కాలమ్, ఎత్తు కోసం ఉన్నట్టు కనిపిస్తుంది కానీ దాన్ని లేపామంటే మూడు కాళ్ల మీద ఒంటికాలు నిలబెట్టినట్టే. లేపకుండానే మీ గడ్డం ఎత్తుకు వచ్చే స్టాండు చాలు. కాస్త వంగి చూస్తే నడుము పోదు.

కార్బన్‌కు డబ్బు ఎక్కువ. చదువుకునే పిల్లలు అల్యూమినియం తీసుకుంటే తప్పేమీ లేదు, కొంచెం బరువు తప్ప. ఒక్క సంగతి: మన నిజామాబాద్ మే నెల ఎండలో గుట్ట మీద అరగంట పెట్టిన అల్యూమినియం కాలు పట్టుకుంటే చెయ్యి చురుక్కుమంటుంది. కార్బన్ అంతగా కాలదు. తాళాల్లో రెండు రకాలు, తిప్పేవి, మీట వేసేవి. తిప్పేవి సంచిలో దేనికీ తగులుకోవు. కానీ మంజీర ఇసుకలోనో పొలం బురదలోనో దిగినప్పుడు మరల్లో రేణువులు చేరి కరకరమంటాయి. ఇంటికొచ్చాక విప్పి, తుడిచి, ఆరబెట్టే ఓపిక ఉంటేనే అవి. కాలి చివర రబ్బరు తొడుగు రాతి మీద పట్టు ఇస్తుంది, మట్టిలో మేకు ఇస్తుంది. రెండూ మార్చుకునే వీలున్నది మేలు.

పైన కూర్చునే తల, బాల్ హెడ్, చాలామంది తేలిగ్గా తీసుకునే భాగం. కాళ్లు ఎంత గట్టివైనా తల జారితే ఫొటో జారినట్టే. బిగించాక కెమెరా ముందుకు వాలుతుందేమో లెన్సు తగిలించి చూడండి. డబ్బా మీద రాసిన మోసే బరువును అట్లాగే నమ్మకుండా, మీ కెమెరా, లెన్సు కలిపిన బరువుకు అది రెండు మూడింతలు ఉండేలా చూసుకోండి. నడిమి కర్ర కింద కొక్కెం ఉంటే సంచిని దానికి తగిలించండి, సంచి అడుగు నేలను ఆనేటట్టు. లేకపోతే గాలికి సంచి ఊగి స్టాండునే ఊపుతుంది. కొండ దారిలో మోసుకొచ్చిన బరువు అక్కడ పనికొస్తుంది. వాలు నేల మీద రెండు కాళ్లు పల్లం వైపు, ఒకటి ఎగువ వైపు. షట్టర్‌కు రెండు సెకన్ల టైమరు. వేలు తగిలిన కదలిక అప్పటికి ఆగిపోతుంది.

పురావస్తు శాఖ కాపాడే చాలా కట్టడాల్లో ట్రైపాడ్‌కు ముందే అనుమతి తీసుకోవాలి. పూజలు జరిగే గుళ్లో పంతులు గారిని అడగాలి, భక్తుల దారికి అడ్డం పెట్టకూడదు. దీన్‌దయాళ్‌కు ఫర్మానా ఉండేది, మనకు మర్యాద ఉండాలి.

కొన్నాక చేయాల్సిన పని గురించే నేను గట్టిగా అడిగేది. ఒక్కడే మోసుకుపోగల కిలోన్నర స్టాండు ఆ మహా ఫొటోగ్రాఫరు మొత్తం బలగం చేసిన పని చేసిపెడుతుంది. కానీ ఆ బలగంలో పలకకు అంకె వేసిన గుమాస్తా కూడా ఉన్నాడు. ఆ గుమాస్తా ఇప్పుడు మీరే. డిచ్‌పల్లి స్తంభాన్ని తీస్తే ఏ స్తంభమో, ఏ దిక్కుదో, ఏ తేదీనో ఫైలు పేరులోనే రాయండి. శక్కర్‌నగర్‌లో పని చేసిన తాతయ్యను నిలబెట్టి తీస్తే ఆయన అనుమతితో పేరు, ఏ విభాగమో, ఎన్నేళ్లు చేశాడో పక్కన రాయండి. అసలు ఫైలును ఫోన్‌లో వదలకుండా రెండు వేర్వేరు హార్డ్ డిస్కుల్లో పెట్టి, ఒకటి ఇంట్లో, ఇంకొకటి వేరే ఊళ్లో ఉంచండి. కొన్నేళ్లకోసారి కొత్త డిస్కులోకి ఎక్కించండి. మరీ ముఖ్యమైన పది ఫొటోలు మంచి కాగితం మీద అచ్చు వేయించి, వెనక పెన్సిలుతో రాసి, మీ ఊరి గ్రంథాలయానికి ఇవ్వండి. వాళ్లు తీసుకోకపోతే బడికి ఇవ్వండి.

ఢిల్లీలో ఉన్న 2,857 పలకల నకళ్లు సికింద్రాబాద్‌లో, వీలైతే జిల్లా కేంద్రాల్లో కూడా, మన పిల్లలు వెళ్లి చూసేలా ఒక గదిలో పెట్టించాలని నేను అడుగుతూనే ఉంటాను. నిజామాబాద్‌లో ఆ గది తెరిస్తే, కర్జన్ పులి పక్కనే ఔరంగాబాద్ కరువు వరస కూడా పెట్టాలి.